మంచి మూల్యాంకనానికి అవార్డు ఇవ్వాలంటే ఏం చూడాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. గోదావరి డెల్టాలో పనిచేసే కొన్ని స్వచ్ఛంద సంస్థలు కలిసి, బాగా చేసిన ఎవాల్యుయేషన్‌కి (అంటే ఒక పథకం ఫలితమిచ్చిందా లేదా అని తేల్చే మూల్యాంకనానికి) ఈ ఏడాది నుంచి ఒక అవార్డు ఇవ్వాలనుకున్నాయి. రిపోర్టులు వచ్చాయి, జ్యూరీలో మీరున్నారు. ఒకటి హైదరాబాద్ కన్సల్టెన్సీ చేసిన లావుపాటి ఇంగ్లీషు రిపోర్టు, రంగుల గ్రాఫులతో సహా. ఇంకొకటి అమలాపురం పక్కన చిన్న బృందం తెలుగులో రాసిన ముప్పై పేజీలు. వీటిని ఒకే పట్టికలో పెట్టి మార్కులెలా వేయాలని అడిగారు.

పట్టిక సంగతి తర్వాత మాట్లాడుకుందామండీ. ముందు మీరు పెట్టిన నిబంధనల్లో ఒక వాక్యం తీసెయ్యాలి: "లబ్ధిదారుల జీవితాల్లో గణనీయమైన మార్పు చూపిన మూల్యాంకనాలకు ప్రాధాన్యం." మార్పు తెచ్చేది పథకం. అది వచ్చిందా, వస్తే దేనివల్ల వచ్చింది, రాకపోతే ఎక్కడ ఆగింది అని తేల్చడమే మూల్యాంకనం చేసేవాడి పని. ఈ వాక్యం ఉంటే బాగా నడిచిన పథకాన్ని చూసి వచ్చినవాళ్లకే ఎప్పుడూ అవార్డు వస్తుంది. ఫెయిలైన పథకం ఎందుకు ఫెయిలైందో డబ్బిచ్చినవాళ్ల ముందు నిలబడి చెప్పినవాడు మొదటి రౌండులోనే పోతాడు. రెండో పనే కష్టం. అవార్డంటూ పెడితే అలాంటి పని బయటికి రావడానికే పెట్టాలని నా అభిప్రాయం.

ఇక రెండు రిపోర్టులనీ ఒకే తక్కెడలో వెయ్యక్కర్లేదు. అమెరికన్ ఎవాల్యుయేషన్ అసోసియేషన్ (1986లో రెండు పాత సంఘాలు కలిసి ఏర్పడింది) అవార్డులని విడివిడిగా పెట్టుకుంది. సిద్ధాంతానికి పాల్ లాజర్స్‌ఫెల్డ్ పేరు మీద ఒకటి, ఆచరణలో పేరు తెచ్చుకున్నవాళ్లకి ఆల్వా, గున్నార్ మిర్డాల్ దంపతుల పేరు మీద ఒకటి, కొత్తగా వస్తున్నవాళ్లకి ఒకటి, ఫలానా ఒక్క ఎవాల్యుయేషన్‌కి ఇంకొకటి. మీకు అన్ని అక్కర్లేదు. పెద్ద బడ్జెట్టు పనులకి ఒకటి, స్థానిక బృందాలకి ఒకటి, రెండు చాలు. బడ్జెట్టు ఎంతో నామినేషన్ ఫారంలోనే అడగండి. ఐదు లక్షల్లో చేసినదాన్నీ యాభై లక్షల్లో చేసినదాన్నీ పక్కపక్కన పెట్టి "దీంట్లో శాంపిల్ చిన్నది" అనడం అన్యాయం.

కొలతలకి మీరు కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. 1981లో విద్యారంగం కోసం తయారై, తర్వాత అన్ని రంగాలకీ వాడుకలోకి వచ్చిన ప్రమాణాలున్నాయి: ఉపయోగం, ఆచరణ సాధ్యత, నీతి, కచ్చితత్వం. మూడో కూర్పులో వీటికి జవాబుదారీతనం చేరింది, అంటే ఎవాల్యుయేషన్‌ని కూడా ఎవరో ఒకరు ఎవాల్యుయేట్ చెయ్యగలగాలి. చాలా జ్యూరీలు ఈ ఐదింటికీ తలా ఇరవై మార్కులు వేసి కూడేస్తాయి. అలా చెయ్యకండి. నీతి, కచ్చితత్వం గేటు లాంటివి, దాటితేనే లోపలికి. అబద్ధపు శాంపిల్‌తో చేసిన రిపోర్టుకి "ఉపయోగం" కింద పద్దెనిమిది మార్కులొచ్చి అది గెలిచేస్తే మీ అవార్డు పరువు మొదటి ఏడాదే పోతుంది.

ఓఈసీడీ (సంపన్న దేశాల ఆర్థిక సహకార సంఘం) వాళ్ల ఆరు గీటురాళ్లు కూడా మీ ఫారంలో చూశాను: సందర్భ శుద్ధి, పొందిక, ఫలసాధన, పొదుపు, ప్రభావం, నిలకడ. (పొందిక 2019లో చేరింది, మిగతా ఐదూ 1991 నాటివి.) అవి పథకాన్ని చూడ్డానికి పెట్టినవి, ఎవాల్యుయేషన్‌ని చూడ్డానికి కావు. అక్కడే మీవాళ్లకి రెండూ కలిసిపోయినట్టున్నాయి.

ఇప్పుడు కచ్చితత్వం. రిపోర్టులో "350 కుటుంబాలను సర్వే చేశాం" అని ఉంటుంది. ఆ అంకె చూసి ఆగిపోకండి. ఏ కుటుంబాలు, ఏ కాలంలో, ఎవరి జాబితా నుంచి తీసుకున్నారు అని చూడండి. మన డెల్టాలో రిపోర్టులు తప్పేది చాలావరకు ఇక్కడే.

సాగునీటి పని తీసుకుందాం. కాలువ బాగుచేశారు, రైతులకి లాభం జరిగిందా అన్నది ప్రశ్న. ధవళేశ్వరం నుంచి కారేసుకుని బయల్దేరినవాడు రోడ్డు బాగున్న మేర, అంటే కాలువ ఎగువ భాగంలో నాలుగు ఊళ్లు తిరిగి వెనక్కొస్తే అంతా పచ్చగానే కనబడుతుంది. కాలువ బాగుచేయకముందు కూడా అక్కడ పచ్చగానే ఉండేది. తేడా తెలియాల్సింది శివారు ఆయకట్టులో, అంటే కాలువ చివరి పొలాల్లో. ఉప్పలగుప్తం, కాట్రేనికోన, అల్లవరం, సఖినేటిపల్లి వైపు సముద్రం దగ్గరి పొలాల్లో తెలియాలి. అక్కడ కూడా నీళ్లు వచ్చాయా అని ఒక్కటే అడిగితే సరిపోదు, నీళ్లు పోయాయా అని అడగాలి. కోనసీమ రైతుకి సార్వాలో (ఖరీఫ్‌లో) కష్టం నీళ్లు రాకపోవడం కంటే మురుగు కాలువ లాగకపోవడం వల్లే ఎక్కువ. ఏ నెలలో వెళ్లారన్నది కూడా తేదీలతో సహా రిపోర్టులో ఉండాలి. దాళ్వా (రబీ) నీటి ఎద్దడి గురించి సెప్టెంబర్‌లో అడిగితే గుర్తున్నది చెప్తారు. తాగునీటి పథకం చూడ్డానికి ఆగస్టులో వెళ్లడం దండగ. వేసవిలో కాలువలు కట్టేసి, చెరువుల్లో నిలవ పెట్టుకున్న నీళ్లు అడుగంటాక వెళితే ఆర్ఓ ప్లాంటు పనిచేస్తోందో, ప్రారంభోత్సవం ఫొటోకి మాత్రమే ఉందో తెలిసిపోతుంది.

ఎవరిని అడిగారన్నది ఇంకా ముఖ్యం. పట్టాదారు పాసుపుస్తకాల జాబితా తీసుకుని శాంపిల్ లాగితే మీకు భూమి యజమానులు దొరుకుతారు. వాళ్లలో ఎంతమంది కాకినాడలోనో హైదరాబాద్‌లోనో ఉంటున్నారో మనకి తెలియనిది కాదు. చేలో దిగేది కౌలు రైతు, చాలాసార్లు నోటిమాట కౌలు. 2011లో కౌలు రైతులకి గుర్తింపు కార్డుల చట్టం వచ్చింది, 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. అయినా కార్డు లేకుండా సేద్యం చేసేవాళ్లు ఊరూరా ఉన్నారు. ఇన్‌పుట్ సబ్సిడీ మీద వచ్చిన రిపోర్టు ఏదైనా మీ చేతిలో ఉంటే ముందు ఈ ఒక్క విషయం వెతకండి. కౌలు రైతుల్ని ఎలా పట్టుకున్నారో ఒక పేరా ఉంటే ఆ బృందానికి డెల్టా తెలుసు. లేకపోతే గ్రాఫులెన్ని ఉన్నా నేను పక్కన పెట్టేస్తాను.

ఇదే జబ్బు ఉపాధి శిక్షణ రిపోర్టుల్లో ఇంకో రూపంలో ఉంటుంది. కుట్టు శిక్షణ తీసుకున్న ఆడవాళ్లని రెండేళ్ల తర్వాత వెతికితే ఊళ్లో దొరికినవాళ్లే లెక్కలోకి వస్తారు. ఉభయ గోదావరి జిల్లాల నుంచి ఇంటి పనికి కువైట్, మస్కట్ వెళ్లేవాళ్లు ఎందరో. వెళ్లినామె శిక్షణ పనికిరాక వెళ్లిందా, శిక్షణ ఇచ్చిన ధైర్యంతో వెళ్లిందా, దానికీ దీనికీ సంబంధమే లేదా? ఇంటికి తాళం వేసి ఉందని ఎన్యూమరేటర్ (ఇంటింటికీ తిరిగి ఫారం నింపేవాడు) పక్కింట్లో సర్వే చేసుకుని వచ్చేస్తే ఈ ప్రశ్నే పుట్టదు. దొరకనివాళ్లు ఎందరు, వాళ్ల గురించి ఏం చేశారు అని రాసుకున్న రిపోర్టు అరుదు. దొరికితే దానికి దండం పెట్టి ఎక్కువ మార్కులు వెయ్యండి. "అందరినీ కలిశాం" అని ఎవరైనా రాస్తే మాత్రం నాకు అనుమానమే.

తర్వాత పోలిక. పథకం లేకపోయినా ఈ మార్పు వచ్చేదా అన్న ప్రశ్నకి రిపోర్టు ఏదో ఒక జవాబు ఇవ్వాలి. ముందు ఇంత, తర్వాత ఇంత అని రెండు అంకెలు పెట్టి మధ్య తేడా అంతా తమ ఖాతాలో వేసుకునే రిపోర్టులు మీకు బోలెడు కనిపిస్తాయి. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం పాటించారు, అంటే నిరసనగా పంట వేయలేదు, గుర్తుందా? ఎవరైనా ఆ ఏడాది బేస్‌లైన్ (పోల్చడానికి మొదటి లెక్క) తీసుకుని రెండేళ్ల తర్వాత మళ్లీ లెక్క తీస్తే, సాగు విస్తీర్ణం వాళ్ల పథకం వల్లే పెరిగినట్టు కనిపిస్తుంది. 2022 జూలై వరదలకి ముందూ తర్వాతా లంక గ్రామాల ఆదాయం కొలిస్తే ఎంత మంచి పథకమైనా నష్టం చేసినట్టు తేలుతుంది. కొబ్బరి ధర ఒక్కటి చాలు, మీ పథకం అంకెల్ని పైకీ కిందకీ లాగడానికి.

దీనికి మన రాష్ట్రంలోనే పాఠం లాంటి పని ఒకటి జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్ని లాటరీ పద్ధతిలో వంద చొప్పున విడదీశారు. ఒక వందలో పిల్లల మార్కులు పెరిగితే ఏ టీచరుకి ఆ టీచరుకి బోనస్, ఇంకో వందలో బడి మొత్తానికి బోనస్, మూడో వందలో ఏమీ లేదు. లెక్కలు, భాషలో మార్కులు పెరిగాయి. అక్కడితో ఆగితే అది మామూలు అధ్యయనమే. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్ పరీక్షలు కూడా పెట్టి, టీచర్లు బోనస్ ఉన్న సబ్జెక్టులే చెప్పి మిగతావి వదిలేశారా అని చూశారు. అవీ పెరిగాయి. 2011లో అచ్చయిన ఆ పనిలో నాకు అన్నిటికంటే నచ్చింది, తమ మంచి ఫలితం మీద తామే అనుమానపడి దాన్ని పరీక్షకి పెట్టడం. లాటరీ వేసే స్తోమత చిన్న బృందానికి ఉండదు, వాళ్లని అది అడగకూడదు కూడా. కానీ అదే కాలువ మీద, అదే మురుగు కాలువకి దిగే పక్క ఊరిని పోలికకి తీసుకోవడానికి ఖర్చేముంది? "మా పథకం వల్ల కాకుండా ఇంకేం కారణం ఉండొచ్చు" అని రాసుకోవడానికి ఒక పేజీ, నిజాయితీ ఉంటే చాలు.

మడ మొక్కలు నాటే ప్రాజెక్టులకి వేరే చిక్కుంది. కోరింగ చుట్టుపక్కల పని చూపించే రిపోర్టుల్లో ఎన్ని వేలు నాటారో ఉంటుంది. ఎన్ని బతికాయో ఉండదు. ఆటుపోటు నీళ్లు ఆ మడిలోకి వచ్చిపోతున్నాయా లేదా అన్నదాన్నిబట్టే మొక్క బతుకుతుంది, అది తెలియడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ప్రాజెక్టు ముగిసిన నెలకే "విజయవంతం" అని తేల్చిన ఎవాల్యుయేషన్‌కి మీరేమీ ఇవ్వక్కర్లేదు. తుపాను షెల్టర్లదీ ఇదే కథ. 1996 నవంబర్ తుపానుకి కోనసీమ ఎలా తుడిచిపెట్టుకుపోయిందో చూసిన తరం ఇంకా ఉంది. షెల్టర్ కట్టారా అన్నది ఇంజినీరు చూసుకుంటాడు. రాత్రి పూట తాళం ఎవరి దగ్గర ఉంటుంది, లోపల మరుగుదొడ్డికి నీళ్లున్నాయా, పశువుల్ని వదిలేసి ముసలివాళ్లు వస్తారా అని అడిగినవాడు ఎవాల్యుయేటర్.

ఉపయోగం దగ్గరికి వద్దాం. మార్కుల్లో సగానికి పైగా నేను దీనికే వేస్తాను, గేటు దాటినవాళ్లకి.

ఈ గడ్డ మీదే ఒక పాత ఉదాహరణ ఉంది. 1832-33 నందన కరువు, 1839 కోరింగ తుపాను, ఇలా దెబ్బ మీద దెబ్బ తిని రాజమండ్రి జిల్లా చితికిపోయింది. 1821లో ఏడు లక్షలు దాటిన జనాభా 1841 నాటికి ఆరు లక్షల లోపుకి దిగింది. సర్కారుకి బాధ కలిగింది శిస్తు తగ్గినందుకు. కారణం కనుక్కోమని సర్ హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారిని పంపింది. వానల మీద, కరువు మీద నెట్టేసి ఊరుకోవచ్చు, పంపినవాళ్లు సంతోషించేవాళ్లే. ఆయన 1844 నివేదికలో నీటి పనుల్ని పట్టించుకోకపోవడాన్నీ, పాలన తీరునీ కూడా వేలెత్తి చూపాడు. అంటే తనకి జీతమిచ్చే ప్రభుత్వాన్నే. ఆ తర్వాత ఆర్థర్ కాటన్ గోదావరిని పరిశీలించి ఆనకట్ట ప్రతిపాదన పెట్టడం, 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852కి పూర్తవడం మనందరికీ తెలిసిందే. కాటన్ దొర విగ్రహం లేని ఊరు డెల్టాలో వెతుక్కోవాలి. మాంట్‌గోమరీ పేరు మీ జ్యూరీలో ఎంతమంది విన్నారో ఒకసారి అడిగి చూడండి. కట్టినవాడికి దక్కే గుర్తింపు, జబ్బు ఎక్కడుందో చెప్పినవాడికి దక్కదు. మీ అవార్డుకి అవసరం అక్కడుంది.

అందుకని ప్రతి రిపోర్టుకీ ఒక పని చెయ్యండి. చేయించుకున్న సంస్థలో దాన్ని చదివిన మనిషికి ఫోన్ చేసి, "ఇది చదివాక మీరు ఏం మార్చారు?" అని అడగండి. ఆగి, తడుముకుని, "చాలా బాగా చేశారండి, ఫండర్ కూడా మెచ్చుకున్నారు" అంటే ఏమీ మారలేదని అర్థం. "రెండో విడతలో లబ్ధిదారుల ఎంపిక పంచాయతీ చేతిలోంచి తీసి సంఘాలకి ఇచ్చాం", "ఆ కాంపోనెంటు ఆపేశాం, మావాళ్లు ఇద్దరికి కోపం కూడా వచ్చింది" అంటే అది పనికొచ్చిన ఎవాల్యుయేషన్. ఒక్కోసారి రిపోర్టు ఇచ్చినవాడి తప్పేమీ లేకుండా సంస్థ దాన్ని బీరువాలో పెట్టేస్తుంది. దానికి బృందాన్ని శిక్షించకండి. సిఫార్సులు ఫలానావాళ్లు ఫలానా నెలలోగా చెయ్యగలిగేలా రాశారా, "అవగాహన పెంచాలి, సమన్వయం మెరుగుపరచాలి" అని గాలిలో వదిలేశారా అని మాత్రం చూడండి.

రెండో ఫోన్ ఊళ్లోకి. సర్వేలో మాట్లాడినవాళ్లకి ఏం తేలిందో ఎవరైనా తిరిగొచ్చి చెప్పారా? ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో మన రాష్ట్రం దేశానికి దారి చూపింది. ఊళ్లో తేలిన విషయాలు మండలంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ చదువుతారు. సామాజిక తనిఖీ, ఎవాల్యుయేషన్ ఒకటి కాదు. అది లెక్క సరిగ్గా ఉందా అని చూస్తుంది, ఇది ఆ ఖర్చుకి ఫలితం వచ్చిందా అని చూస్తుంది. అయినా ఆ తిరిగి చెప్పే అలవాటు మనం తీసుకోవచ్చు. మీ తెలుగు రిపోర్టుకి ఈ విషయంలో పెద్ద బలం ఉంది, ఎవరి గురించి రాశారో వాళ్లు చదవగలరు, తప్పుంటే పట్టుకోగలరు. హైదరాబాద్ వాళ్లు కనీసం నాలుగు పేజీల తెలుగు సారాంశం ఇచ్చారో లేదో కనుక్కోండి.

నీతి గురించి ఎక్కువ చెప్పను, మీకు తెలిసిందే. అప్పుల గురించి చెప్పిన డ్వాక్రా సభ్యురాలి పేరు, ఊరు, ఫొటో కేస్ స్టడీ పేరుతో అచ్చువేసిన రిపోర్టు గేటు దగ్గరే ఆగిపోవాలి. ఎవాల్యుయేషన్ చేసిన సంస్థకీ పథకం నడిపిన సంస్థకీ చుట్టరికం ఉంటే రాతపూర్వకంగా చెప్పించుకోండి. ఇదే రూలు జ్యూరీకీ వర్తించాలి. మన జిల్లాల్లో అందరూ అందరికీ తెలిసినవాళ్లే, అది నేరం కాదు. తనవాళ్ల రిపోర్టు వచ్చినప్పుడు ఆ సభ్యుడు గదిలోంచి లేచి బయటికి వెళ్తే చాలు.

డొనాల్డ్ క్యాంప్‌బెల్ అని సామాజిక శాస్త్రవేత్త 1970లలోనే ఒక హెచ్చరిక చేశాడు: ఒక కొలమానం మీద నిర్ణయాలు ఆధారపడటం పెరిగేకొద్దీ ఆ కొలమానాన్నే మనుషులు చెడగొడతారు అని. మీ మార్కుల పట్టికకీ అది తప్పదు. వచ్చే ఏడాది అందరూ "పోలిక గ్రామం" అని ఒక పేరా, "పరిమితులు" అని ఒక పేజీ అతికించి పంపుతారు. అందుకే పట్టికని చిన్నదిగా ఉంచి, ఆఖరి రెండు మూడు రిపోర్టులకి జ్యూరీలో ఇద్దరు ఒక పూట ఊరికి వెళ్లి రండి. రిపోర్టులో ఉన్న ఒక ఊరు మీరే ఎంచుకోండి, వాళ్లు చూపించేది వద్దు. పెన్‌డ్రైవ్‌లో పచ్చి డేటా తెప్పించుకుని ఆ ఊరి ఫారాలు నాలుగైదు తీసి, ఆ ఇళ్లకే వెళ్లి "ఫలానా నెలలో ఎవరైనా వచ్చి అడిగారా" అని కనుక్కోండి. దీనికి ముందే ఆ బృందం నుంచి అనుమతి, వాళ్లు గోప్యత మాట ఇచ్చి ఉంటే ఇంటివాళ్ల అనుమతి తీసుకోవాలి. డేటా ఇవ్వడానికి ఇష్టపడనివాళ్లు ఎందుకో రాసివ్వాలి.

మీరు అడిగిన రెండు రిపోర్టుల మీద తీర్పు నేను చెప్పలేను, పూర్తి కాపీలు చూడలేదు. మీరు పంపిన వివరాల్లో మాత్రం ఒకటి నా కంట పడింది. తెలుగు బృందం తమ సంస్థ శిక్షణకి వచ్చినవాళ్లలో సగం మంది మధ్యలో మానేశారని, దానికి శిక్షణ వేళలే కారణమని రాసింది. రొయ్యల ప్లాంటుకి వెళ్లే ఆడవాళ్లకి మధ్యాహ్నం క్లాసు పెడితే ఎలా వస్తారు? ఆ వాక్యం రాయడానికి తమ సొంత డైరెక్టర్‌తో ఎంత వాదించుకున్నారో మీరు ఫోన్ చేసినప్పుడు అడగండి.

స్టేజీ మీదకి ఎవరిని పిలవాలన్నది కూడా అడిగారు. టీమ్ లీడర్‌తో పాటు ఇంటింటికీ తిరిగిన ఎన్యూమరేటర్లనీ పిలవండి. ఫారం నింపిన పిల్లలే సగం సంగతులు పట్టుకుంటారు, సర్టిఫికెట్ మీద వాళ్ల పేర్లు ఉండవు. జ్ఞాపికలు, శాలువాల ఖర్చు తగ్గించి ఆ డబ్బుతో గెలిచిన రిపోర్టు తెలుగు సారాంశం అచ్చువేయించి మండల పరిషత్ ఆఫీసులకి పంపితే నలుగురు చదువుతారు. ఓడిపోయిన ప్రతి బృందానికీ ఎందుకు రాలేదో ఒక పేజీ ఉత్తరం రాయండి, చాలామందికి అవార్డు కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

ఈసారి వచ్చినవాటిలో ఏదీ గేటు దాటకపోతే మొదటి బహుమతి ఇవ్వకండి. స్పాన్సర్లు గొడవ పెడతారు, హాలు బుక్ చేశాం కదా అంటారు. ఆ డబ్బుతో అదే హాల్లో వచ్చిన బృందాలందరికీ శాంపిల్ తియ్యడం మీద ఒక రోజు వర్క్‌షాపు పెట్టండి. దాళ్వా కోతలు అయ్యాక పెడితే పల్లెల నుంచి కూడా వస్తారు.